కౌంటరు అద్దం

సంచీలో అన్నం డబ్బా మరిచిపోయిన రోజులున్నాయి గానీ, పలక మరిచిపోయిన రోజు లేదు పలక మేస్త్రికి. పాత తువ్వాలులో చుట్టి, పైన భార్య చీర అంచుతో ముడేసి, ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోతాడు. విప్పితే ఏముంటుంది? జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ళ మందం ఉన్న గాజు దిమ్మ. బుల్లెట్ ప్రూఫ్ అద్దం తాలూకు ముక్క. పరీక్షలో దాన్ని నిలబెట్టి పది అడుగుల దూరం నుంచి మూడుసార్లు కాల్చారు. మూడు గుళ్ళూ నలిగిన శనగగింజల్లా ఇప్పటికీ అందులోనే ఇరుక్కుని ఉన్నాయి. ఆ రోజు చెవుల్లో దూది కుక్కుకుని చూసినవాళ్ళలో ఆయనా ఒకడు. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని భవనాలకు అలాంటి అద్దాలు బిగించాడో ఆయనకే లెక్క తెలియదు. అయినా ఆ ముడి విప్పేటప్పుడు మాత్రం, పక్కన పసిపిల్ల నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించేస్తాడు. ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఆయన పలుకుతాడో లేదో అనుమానమే.

ఆ సోమవారం పొద్దున ఆయన వెళ్ళింది విలువైన పార్సిళ్ళు చేరవేసే కంపెనీకి. నాలుగు కిటికీలకు అద్దాలు మార్చాలి. పార్సిళ్ళు దాచే గదికి రెండు, మేనేజరు గదికి ఒకటి, వీధివైపు కౌంటరుకు ఒకటి. కౌంటరు కిటికీకి అప్పటికి అద్దమే లేదు. చెక్క షీటు కొట్టి, మధ్యలో చెయ్యి పట్టేంత కన్నం వదిలారు. ఆ కన్నం వెనక దీపం వేసుకుని, ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకావిడ, పార్సిళ్ళ ముడుల మీద లక్క ముద్రలు వేస్తూ కూర్చుని ఉంది. పక్కన కొవ్వొత్తి. లక్క కడ్డీని దాని మంటలో తిప్పి, బొట్టు పడగానే ఇత్తడి ముద్ర నొక్కి, ఉఫ్‌మని ఊది తీస్తోంది. చెయ్యి తిరిగిన పని. కానీ వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా ఆ ముద్ర గాల్లోనే ఆగిపోవడం మేస్త్రి కంటపడింది.

ఆమె తలకు కాస్త పైన, గోడమీద అరచెయ్యంత మచ్చ ఉంది. కొత్తగా లప్పం పెట్టి రంగు పూశారు గానీ రంగు కలవలేదు.

"గుండు తగిలిన చోటు అదేనా?" అన్నాడు మేస్త్రి, తలుపు దగ్గరున్న గార్డు తాతతో, మెల్లగా.

"అదే. నిలబడి పనిచేస్తున్న ఆ పిల్ల, కింద పడిన లక్క కడ్డీ తీసుకుందామని వంగింది. వంగకపోయి ఉంటే..." గార్డు తాత మిగతా మాట మింగేశాడు. "రెండు నెలలైంది. కాల్చినవాడు దొరికాడులే. దొరికితే మాత్రం? ఆవిడకి తలుపు చప్పుడు పోలేదుగా."

మేస్త్రికి ఇక చేతులు ఊరుకోలేదు. కొలతల టేపు పక్కన పడేసి సంచీలోంచి పలక తీశాడు, బల్లమీద పెట్టి ముడి విప్పాడు.

"అమ్మా, ఇలా చెయ్యి పెట్టు."

ఆవిడ కొవ్వొత్తి పక్కకు జరిపి వేళ్ళు ఆనించింది. గాజు నుగ్గునుగ్గై తెల్లగా ఉన్న వైపు అది. గరుకుతనానికి వేళ్ళు వెనక్కి లాక్కుంది.

"అటు కాదు. అది గుండు తగిలిన వైపు. ఇలా తిప్పు. మనిషి కూర్చునేది ఇటువైపు."

దిమ్మ బరువుకు మణికట్టు వంగింది. తిప్పి, అరచేతితో అటూ ఇటూ నిమిరింది. గీత లేదు, గుంట లేదు, తడిగిన్నె అడుగులా నున్నగా ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని మళ్ళీ నిమిరింది.

"ఏమీ తెలీట్లేదండీ," అంది. "అసలేమీ జరగనట్టే ఉంది."

"అదేనమ్మా దాని గొప్ప. ముందు గాజు పగిలి గుండు జోరంతా తాగేస్తుంది. మధ్యలో జిగురు పొరలు పట్టుకుంటాయి. చివర్న ఉన్న ఈ ప్లాస్టిక్ పలక, గాజు పెంకు ఒక్కటి కూడా మనిషి మీద పడనివ్వదు. తను పగులుతుంది గానీ మనకి తెలియనివ్వదు. నేను ఎదురుగా నిలబడి చూశాను కదా, ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది."

"ఇదే... ఇక్కడ పెడతారా?"

"ఇంకెక్కడ పెడతారు మరి?" అనేశాడు మేస్త్రి.

ఆవిడ సొరుగు లాగి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, నిలువునా రెండుగా చించి, మళ్ళీ అడ్డంగా చించి బుట్టలో వేసింది. తర్వాత లక్క కడ్డీ అందుకుంది.

"రాజీనామా కాయితం," అన్నాడు గార్డు తాత, మేస్త్రి చెవి దగ్గరకొచ్చి. "మూడు వారాల్నించి సొరుగులో పెట్టుకుని కూర్చుంది. మేమంతా చెప్పి చెప్పి అలిసిపోయాం. నీ గాజుముక్క ఒక్క నిమిషంలో చింపించేసిందయ్యా!"

మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ పూట ఫ్రేముల కొలతలన్నీ ఈల వేసుకుంటూ సరిచూశాడు.

*

మంగళవారం మధ్యాహ్నం లారీ వచ్చింది. నాలుగు చెక్క పెట్టెలు. అద్దాన్ని పట్టుకునే రబ్బరు కప్పులు అంటించి, ఇద్దరు ఫిట్టర్లూ మేస్త్రీ కలిసి ఒక్కోటీ దించారు. బుల్లెట్ అద్దం అంటే మాటలు కాదు, బల్లంత అద్దం తొంభై కిలోలు. మొదటి మూడూ దించేసరికి ముగ్గురికీ నడుములు పట్టేశాయి. నాలుగోదానికి మేస్త్రి ఊపిరి బిగబట్టి లేపాడు. లేపిన జోరుకు అద్దం ఆయన ఛాతీ దాకా ఎగిరొచ్చింది.

"ఇదేంట్రా, దూదిపింజలా ఉంది?" అన్నాడు ఫిట్టరొకడు నవ్వుతూ.

మేస్త్రి నవ్వలేదు. అద్దాన్ని గోడకు ఆనించి పెట్టించాడు. మూలన అంటించిన చీటీ మీద 'కౌంటరు' అని ఉంది. అంచులకు నల్ల పట్టీ అంటించి ఉంది, మందం కనపడదు. రంగు మాత్రం మిగతా వాటిలాగే లేత ఆకుపచ్చ. మేస్త్రి జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి, అద్దానికి దగ్గరగా పట్టాడు. ఏ అద్దంలో చూసినా మంట రెండుగా కనిపిస్తుంది, ముందు ముఖంలో ఒకటి, వెనక ముఖంలో ఒకటి. ఆ రెండింటి మధ్య ఎడాన్ని బట్టి మందం చెప్పొచ్చు. అద్దాల పనివాళ్ళు బిగించేసిన అద్దాన్ని కూడా అలాగే కొలుస్తారు. మిగతా మూడు అద్దాల్లో మంటలు వేలు పట్టేంత ఎడంగా నిలబడ్డాయి. ఇందులో అతుక్కుపోయినట్టున్నాయి. పుల్ల కాలి వేలు చురుక్కుమనేదాకా ఆయన అలా చూస్తూనే ఉన్నాడు.

ఆయన పనిచేసే అద్దాల కంపెనీ నడిపేది స్వయానా బావమరిది. ఫోన్ చేస్తే అరగంటలో దిగాడు.

"పొరపాటున మామూలుది పంపినట్టున్నారు. వెనక్కి పంపించు," అన్నాడు మేస్త్రి.

"పొరపాటేం కాదు బావా. డ్రాయింగ్‌లోనే అలా ఉంది. మూడు బుల్లెట్‌వి, ఒకటి మామూలుది. చూడ్డానికి ఒకేలా ఉండాలని రంగు అద్దం అడిగారు. అడిగింది ఇచ్చాం."

"అక్కడేరా కాల్చింది! గుండు దూరింది ఆ కిటికీలోంచేరా!"

"నన్నడిగితే? జాబితా వాళ్ళది, సంతకం వాళ్ళది. మనం బిగించేవాళ్ళం. నీకు చెప్పలేదంటావా, నువ్వెప్పుడైనా డ్రాయింగ్ చివరిదాకా చదివావా? కొలతలు చూసి పక్కన పడేస్తావు." బావమరిది గొంతు తగ్గించాడు. "వాళ్ళకి ఇంకా పదకొండు బ్రాంచీలున్నాయి బావా. ఈ పని నచ్చితే అవన్నీ మనకే. నువ్విప్పుడు లేనిపోనిది కెలికావంటే అందరం వీధిన పడతాం. ఆ కౌంటరావిడ అడిగితే చెప్పు. అడక్కపోతే నీకెందుకు?"

ఆమె సోమవారమే అడిగింది. ఇదే ఇక్కడ పెడతారా అని నోరు తెరిచి అడిగింది.

బుధవారం పొద్దున్నించీ బిగింపు. మేనేజరు గది అద్దం, కౌంటరు అద్దం, రెండూ ఒకే కొలత. మేస్త్రికి ఒక దొంగ ఆలోచన రాకపోలేదు. ఇటుది అటు పెట్టేస్తే ఎవడు కనిపెడతాడు? టేపు తీసి కౌంటరు ఫ్రేము గాడి కొలిచాడు. వేలిమందం కూడా లేదు. మందపు అద్దం అందులో దూరేది కల్ల. దూరినా, ఇంకో మనిషిని తెలియకుండా అబద్ధం వెనక కూర్చోబెట్టినట్టేగా! టేపు టప్పున లోపలికి పోయింది.

అద్దాన్ని గాడిలో నిలబెట్టి, కింద రబ్బరు దిమ్మలు సరిచేసి, చుట్టూ పట్టీ నొక్కి, సందులు మూసే సీలెంటు గీత గీశాడు. వేలు తడిచేసి ఆ గీతను ఒక్క ఊపులో మూల నుంచి మూలకు లాగాడు. ఆ గీత ఎంత తిన్నగా వచ్చిందంటే, దాన్ని చూసి ఆయనకే ఒళ్ళుమండింది.

కౌంటరావిడ అటువైపు నుంచి మెటికతో అద్దం మీద తట్టి నవ్వింది. తర్వాత తనే టీ పట్టుకొచ్చింది.

"నిన్న రాత్రి రెండు నెలల తర్వాత తెల్లారేదాకా పడుకున్నానండీ. మా పాప నా గురకకి లేచి కూర్చుందట. అమ్మా నువ్వు లారీలా ఉన్నావు అంది," అని నవ్వింది. "మీ పలక గురించి చెప్పాను దానికి. చూపించమని ప్రాణం తీస్తోంది."

"చూపిద్దాంలేమ్మా," అని మేస్త్రి నీళ్ళు నమిలాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి, ఆవిడ కళ్ళకింద తగ్గిన నలుపు చూసి వెనక్కి పోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య సంచీ అందుకుంది. అన్నం డబ్బా తీసి, పలక మీద చెయ్యి వేసి ఆగింది.

"పొద్దున నేనేసిన ముడి వేసినట్టే ఉంది. ఇవాళ ఎవరికీ చూపించలేదా? ఒంట్లో బాలేదా?"

ఆయన చెప్పేశాడు. బావమరిది మాటలతో సహా అంతా చెప్పాడు. ఆవిడ కూర్చున్న చోటు నుంచి లేవలేదు, మధ్యలో అడ్డు రాలేదు.

"మా తమ్ముడు చెప్పింది వాడి కోణంలో నిజమే," అంది చివరికి. "డ్రాయింగ్ వాడిది కాదు. కానీ ఆ పిల్లకి పలక చూపించింది డ్రాయింగ్ కాదుగా, నువ్వు. వాడితో నేను మాట్లాడుకుంటాలే. ముందు అన్నం తిను."

*

గురువారం ఆఫీసు ఇంకా తెరవలేదు. గార్డు తాత గొళ్ళెం తీసేసరికి మేస్త్రి మెట్లమీద ఉన్నాడు. కౌంటరావిడ వచ్చి, సంచీ కొక్కేనికి తగిలించి, కొవ్వొత్తి వెలిగించింది.

"అమ్మా, ఆ కొవ్వొత్తి ఒక్కసారి ఇలా ఇవ్వు," అన్నాడు మేస్త్రి. మైనం బొట్టు వేలిమీద పడింది. కొవ్వొత్తిని కౌంటరు అద్దానికి దగ్గరగా పట్టాడు. "మంటలెన్ని?"

"రెండు. అతుక్కున్నట్టున్నాయి."

మేనేజరు గదిలోకి తీసుకెళ్ళి అక్కడి అద్దం ముందు పట్టాడు. ఈసారి ఆయన అడగకముందే ఆవిడ తన చూపుడువేలు చాపి, రెండు మంటల మధ్యా అడ్డంగా పెట్టి చూసింది. వేలు సరిగ్గా పట్టింది.

"నేను పొరపాటు చేశానమ్మా. సోమవారం తెలియక చెప్పాను. మంగళవారం తెలిసింది. నిన్న నోరు పెగల్లేదు. నీ ముందరున్నది మామూలు అద్దం. రాయి విసిరితే ఆగుతుంది. గుండుకి ఆగదు."

ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. సంచీ తీసుకుని వెళ్ళిపోతుందేమో, అదే మంచిదేమో అనుకున్నాడు. ఆవిడ ముఖంలో రక్తం చుక్క లేదు. కొవ్వొత్తి ఆయన చేతిలోంచి తీసుకుని, ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటూ తన చోటికి నడిచి, స్థానంలో పెట్టింది. కుర్చీలో కూర్చుంది. గోడమీద మచ్చకేసి ఒకసారి చూసింది.

"ఇవాళ పదకొండింటికి మనందరం కాయితం మీద సంతకం పెట్టాలటగా," అంది. "భద్రతా ఏర్పాట్లు చూశాను, తృప్తిగా ఉంది అని."

"నువ్వెళ్ళిపోమ్మా. నేను చెప్పుకుంటాను."

"నేనెళ్ళిపోతే ఈ కుర్చీ ఖాళీగా ఉంటుందా మేస్త్రి గారూ? వచ్చే వారానికి ఇంకో పిల్ల వచ్చి కూర్చుంటుంది. అద్దం చూసి మురిసిపోతుంది. దానికెవరు చెప్తారు?" ఆవిడ లక్క కడ్డీ అందుకుంది. "పలక తెచ్చారా?"

"తెచ్చాను."

"ఉంచండి."

పదకొండింటికి మేనేజరు, బావమరిది, కాగితాలు, పెన్నులు అన్నీ హాల్లోకి వచ్చాయి. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాల్పులు జరిగిన రోజు ఆవిణ్ణి తన కారులో ఇంటి దగ్గర దింపినవాడే. సీలెంటు గీతలు చూసి మెచ్చుకున్నాడు. బావమరిది పొంగిపోయాడు. కాగితం కౌంటరావిడ ముందుకొచ్చింది.

"పెడతాను సార్. పెట్టేముందు ఒక్కసారి మీరిక్కడ కూర్చుంటారా? ఒక పార్సిలు తీసుకుంటే చాలు. నేను బయట నిలబడి, పార్సిళ్ళు అందించే కొత్త సొరుగు సరిగ్గా వస్తోందో లేదో చూస్తాను."

"ఓ, దానికేం!" అని మేనేజరు నవ్వుతూ వెళ్ళి కూర్చున్నాడు. కుర్చీ ఆయనకు ఇరుకైంది. బయట వరసలో మొదట ఉన్నది ఎవరో పొడుగాటి మనిషి, పెద్ద కోటు వేసుకున్నాడు. అతని వెనక వీధి తలుపు ధడాలున మూసుకుంది. ఆ మనిషి కిటికీ దగ్గరకొచ్చి, మాటా పలుకూ లేకుండా కోటు లోపలికి చెయ్యి పెట్టాడు.

మేనేజరు కుర్చీతో సహా వెనక్కి పోయి గోడకు గుద్దుకున్నాడు.

కోటులోంచి రసీదు బయటికొచ్చింది. "దీని పార్సిలు వచ్చిందా అండీ?" అన్నాడు ఆ మనిషి, పాపం, తనేం తప్పు చేశాడో అర్థంకాక. ఎవరూ నవ్వలేదు. మేనేజరు తల వెనక, ఒక్క బెత్తెడు ఎత్తున, రంగు కలవని మచ్చ ఉంది. ఆయన నుదురు తుడుచుకున్నాడు.

"అద్దం ఉందని తెలిసి కూడా... చూడు," అన్నాడు.

కౌంటరావిడ లోపలికి వచ్చింది. కొవ్వొత్తి తీసి అద్దం ముందు పట్టి, మంటల మధ్య ఎడం చూడమంది. తర్వాత ఆయన్ని ఆయన గదికే తీసుకెళ్ళి, అక్కడి మంటలు చూపించింది. ఆవిడ గొంతు ఒక్క పిసరు కూడా పెరగలేదు. రోజూ పార్సిలు అందించి "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నట్టే ఉంది ఆ వరస. మేస్త్రి పక్కనే నిలబడి, నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. తనైతే కేకలేసేవాడు, లేదా కాళ్ళమీద పడేవాడు.

మేస్త్రి తువ్వాలు ముడి విప్పి పలకను మేనేజరు బల్లమీద పెట్టాడు.

"బావా!" అన్నాడు బావమరిది, పళ్ళ బిగువున.

"ఈ గదిది ఇది సార్. కౌంటరుది ఇది కాదు. నేను ఆవిడతో ఇదేనని చెప్పి రాజీనామా కాయితం చింపించాను. తప్పు నాది."

మేనేజరు పలక నున్నటి వైపు వేళ్ళు ఆనించాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "జాబితా రాసింది నేనే. విలువైనవి ఎక్కడెక్కడున్నాయో రాసి పంపమన్నారు పై ఆఫీసువాళ్ళు. పార్సిళ్ళ గది రాశాను. తాళాలు నా దగ్గరుంటాయని నా గది రాశాను. కౌంటరు దగ్గర..." ఆగాడు. "కౌంటరు దగ్గర విలువైనవేమీ ఉండవు కదా అనుకున్నాను."

ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక గానీ ఆయనకు వినపడినట్టు లేదు. కౌంటరావిడ ఆయనకేసే చూస్తోంది. కోపం లేదు ఆ చూపులో. ఆయనే చూడలేక తల దించుకున్నాడు. పెన్నుకు మూత పెట్టి, తృప్తి కాగితాన్ని మడిచి జేబులో వేసుకున్నాడు.

"కొలతలు తీసుకోండి మేస్త్రీ," అన్నాడు చివరికి. "పై ఆఫీసుకి నేను రాస్తాను. అద్దం వచ్చేదాకా కౌంటరు ఈ గదిలోనే. ఈ బల్ల ఆవిడది." ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు తన గదిలోనే ఒకసారి చుట్టూ చూసి, ఫైళ్ళు చంకన పెట్టుకుని, భోజనాల బల్ల వైపు నడిచాడు. బావమరిది మేస్త్రిని మింగేసేలా చూసి, ఫైళ్ళు మోయడానికి ఆయన వెనకే పరిగెత్తాడు.

మేస్త్రి కౌంటరు దగ్గరకొచ్చి టేపు లాగాడు. ఆవిడ రెండో కొస పట్టుకుంది. గుళ్ళు ఆగిపోవడం చూసి ఇరవై రెండేళ్ళుగా అబ్బురపడుతున్న మనిషి, ఇప్పుడు ఆ టేపు పట్టుకున్న సన్నటి వేళ్ళకేసి అలాగే చూస్తున్నాడు. వాటికి లక్క మరకలున్నాయి. వణుకు మాత్రం లేదు.

"ఫ్రేము కూడా మార్చాలమ్మా. ఉక్కుది వేయాలి. మందం ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, నువ్వే రాయి," అని పెన్సిలు ఇచ్చాడు. ఆవిడ కొలతల కాగితం మీద ముప్పై ఎనిమిది అని అంకె వేసి, కింద గీత గీసింది. పెన్సిలు తిరిగి ఇవ్వబోయి ఆగింది.

"మరి దీని కిందో?"

"దేని కింద?"

"అద్దం బల్ల దాకే కదండీ. బల్ల కింద నా మోకాళ్ళున్నాయి. కడుపుంది. అటువైపు ఏముంది?"

మేస్త్రి వంగి, బల్ల ముందు చెక్కమీద మెటికతో తట్టాడు. డొల్ల చప్పుడు. చెక్క షీటు మీద రంగు కాగితం. ఇన్నేళ్ళలో ఎన్ని కౌంటర్లకు అద్దాలు బిగించాడు! ఒక్కదాని కింద కూడా తట్టి చూడలేదు. తెలియక కాదు. అది వడ్రంగి పని, మనకెందుకు అనుకున్నాడు. డ్రాయింగ్‌లోనే అలా ఉంది అన్న బావమరిది మాటా, ఈ మాటా ఒకటేనని ఇప్పుడు తెలిసి తలకొట్టేసినట్టయింది. పలక చూపించి తను మురిపించి వచ్చిన కౌంటర్లన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలబడ్డాయి.

"ఎంత మందం ఉక్కు రేకు వేయాలో కనుక్కుంటానమ్మా," అన్నాడు. ఆ గొంతు, పలక ముడి విప్పేటప్పటి గొంతు. "ఇక్కడే కాదు. పాత చోట్లన్నిటికీ కూడా పోవాలి నేను."

ఆయన నేలమీద మోకాళ్ళు ఆనించి, టేపు కొస పైకి అందించాడు. ఆవిడ దాన్ని బల్ల అంచుకు పట్టి ఉంచింది.

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండీ. లాగండి."

ఆయన టేపును నేలదాకా లాగి, అంకె చదివాడు. ఆవిడ రాసుకుంది.